సైన్స్ ఫిక్షన్ హీరో దగ్గర నేర్చుకోవాల్సింది క్లైమాక్సులో ఉందా?

క్లుప్తంగా: సైన్స్ ఫిక్షన్ కథానాయకుల ప్రయాణాన్ని జీవిత పాఠాలుగా చెప్పడం విజయవాడ, గుంటూరు కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో మామూలైపోయింది. ఇలాంటి కథల వల్ల కొంత మేలు ఉందని మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. అయితే వేదిక మీద చప్పట్లు కొట్టించే భాగం వేరు, చదువుకునే పిల్లలకు అక్కరకొచ్చే భాగం వేరు. హీరో గెలిచిన తీరు కన్నా కథ మధ్యలో అతను వేసుకునే లెక్కలు, చేసే తప్పులు, అడిగే సాయం ఎక్కువ పనికొస్తాయి.

చప్పట్లు ఎక్కడ పడతాయి

ఇంటర్ ఫలితాలు, జేఈఈ ర్యాంకులు వచ్చే రోజుల్లో విజయవాడ బెంజి సర్కిల్ చుట్టూ, గుంటూరులో లక్ష్మీపురం మెయిన్ రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు వెలుస్తాయి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసలు వరసలుగా, ఒక్కో ఫొటో కింద ఒక్కో అంకె. టీవీలో ఊపిరి తీసుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ ర్యాంకులు చదివే ప్రకటన సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దాని మీద వచ్చినన్ని జోకులు ఇంకో ప్రకటన మీద వచ్చి ఉండవు. ఆ హడావిడి తగ్గేలోపే కొత్త బ్యాచ్ చేరుతుంది, మోటివేషన్ క్లాసు పెడతారు. కలాం బాల్యం, ఎడిసన్ బల్బు లాంటి పాత ఉదాహరణల పక్కన ఇప్పుడు అంతరిక్షంలో చిక్కుకుపోయినవాడు, ఎడారి గ్రహాన్ని ఏలినవాడు, కాలంలో వెనక్కి ప్రయాణించినవాడు కూడా చేరుతున్నారు.

ఇందుకు కారణం ఊహించడం కష్టం కాదు. 2024 మార్చిలో 'డ్యూన్' రెండో భాగం, అదే ఏడాది జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' విడుదలయ్యాయి. 1991 నాటి 'ఆదిత్య 369' 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రింటుతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. పదహారేళ్ల పిల్లాడికి ఎడిసన్ కన్నా ఈ పాత్రలు దగ్గర. పైగా ఎంపీసీ చదివేవాడికి సైన్స్ హీరో అంటే తన మనిషిలాగే అనిపిస్తాడు.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ కథల్లోంచి వక్తలు ఎక్కువగా తీసుకునేది ఒకే ముక్క: నువ్వు మామూలోడివి కాదు, నీలో ఒక శక్తి ఉంది, అది బయటికొచ్చే రోజు వస్తుంది. హాలు మొత్తం లేచి చప్పట్లు కొడుతుంది. మరుసటి రోజు స్టడీ అవర్లో కూర్చున్నాక ఆ మాటతో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు.

మూస పాతదే, మెలిక కొత్తది

హీరో ప్రయాణానికి ఒక మూస ఉందని 1949లో అమెరికన్ పురాణ పరిశోధకుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ ఒక పుస్తకంలో చెప్పాడు. దేశదేశాల పురాణాలు, జానపద కథలు పక్కపక్కన పెట్టి చూసి, వాటిలో 17 మెట్లు గుర్తించాడు. వాటిని మూడు భాగాలు చేశాడు: ఇల్లు వదిలి బయల్దేరడం, పరీక్షలు ఎదుర్కోవడం, గెలుచుకున్నదానితో తిరిగి రావడం. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' కథ అల్లడంలో ఆ పుస్తకం తనకు ఉపయోగపడిందని జార్జ్ లూకాస్ చెప్పుకున్నాడు. హాలీవుడ్ స్టూడియోల్లో స్క్రిప్టులు చదివే పని చేసిన క్రిస్టఫర్ వోగ్లర్ తర్వాత ఆ మెట్లను 12కు కుదించాడు. నేటి మోటివేషన్ స్లైడ్లలో కనిపించే గుండ్రటి బొమ్మ చాలావరకు ఆ కుదింపు నుంచి వచ్చిందే.

ఈ దారి తెలుగువాళ్లకు కొత్త కాదు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో తోట రాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని కోరుకుంటాడు, రాజుగారి షరతు వింటాడు, మాంత్రికుడి వెంట వెళ్తాడు, పరీక్షలు గట్టెక్కి విగ్రహం సాధిస్తాడు, మోసాన్ని దాటి తిరిగొస్తాడు. క్యాంప్‌బెల్ పుస్తకం చదివి ఆ సినిమా తీశారని ఎవరూ అనరు. కాశీమజిలీ కథలు చెప్పుకున్న నేలకు ఆ దారి ముందే తెలుసు. పిలుపు వచ్చాక హీరో వెనకాడటం అనే మెట్టు ఒకటుంది. అది కావాలంటే భగవద్గీత మొదటి అధ్యాయం చాలు: గాండీవం చేతిలోంచి జారిపోతోందని అర్జునుడు రథంలో చతికిలపడతాడు. యుద్ధం చేయనన్నవాడిని పిరికివాడని కథ అక్కడితో వదిలేయలేదు. పద్దెనిమిది అధ్యాయాలు పట్టింది అతన్ని లేపడానికి.

మరి సైన్స్ ఫిక్షన్ తెచ్చిన తేడా ఏమిటి? తోట రాముడికి విగ్రహం చేతికొస్తే కోరినవి దొరుకుతాయి. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలినవాడికి అలాంటి విగ్రహం లేదు. ఆక్సిజన్ ఎన్ని గంటలుందో అన్ని గంటలే. శత్రువు చాలాసార్లు రాక్షసుడు కాదు, భౌతికశాస్త్ర నియమం. దాన్ని బతిమాలలేం, బెదిరించలేం, తెలుసుకుని తప్పించుకోవాలి. అందుకే ఈ రకం కథల్లో మంచివాటికి మధ్యభాగం బలంగా ఉంటుంది. చదువుకునేవాళ్లకు పనికొచ్చే సరుకు కూడా అక్కడే ఉంటుంది.

కథ వినడం వేరు, రాసుకోవడం వేరు

హీరో కథ మనిషికి నిజంగా ఏమైనా చేస్తుందా అన్నదాన్ని మనస్తత్వవేత్తలు పరీక్షించి చూశారు. బెంజమిన్ రోజర్స్, అతని సహచరులు 2023లో 'జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ'లో ప్రచురించిన పరిశోధన ఇందులో ముఖ్యమైనది. వాళ్లు క్యాంప్‌బెల్ మెట్లను ఏడు అంశాలకు తగ్గించారు: కథానాయకుడు, జీవితంలో వచ్చిన మార్పు, ఒక అన్వేషణ, తోడు నిలిచినవాళ్లు, సవాలు, ఆ సవాలు వల్ల మనిషిలో వచ్చిన పరివర్తన, తన తర్వాత మిగిలేది. తమ జీవితాన్ని ఈ అంశాలతో చెప్పుకోగలిగినవాళ్లకు బతుకులో అర్థం ఉందన్న భావన ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ప్రశ్నలిచ్చి, ఈ ఏడింటి ఆధారంగా తమ కథను తిరిగి రాయమన్నప్పుడు కూడా ఆ భావన పెరిగింది, కష్టాన్ని తట్టుకునే తీరు మెరుగైంది.

ఇది మన ఇంటర్ విద్యార్థుల మీద జరిగిన పరిశోధన కాదు, కాబట్టి యథాతథంగా ఇక్కడ అతికించకూడదు. అయినా రెండు విషయాలు గమనించదగ్గవి. ఆ ఏడు అంశాల్లో 'ఎంపికైనవాడు' అన్నది లేదు. పుట్టుకతో వచ్చిన ప్రత్యేకత, జోస్యం, దైవ నిర్ణయం ఏవీ లేవు. తోడు నిలిచినవాళ్లు మాత్రం ఉన్నారు. రెండోది, అక్కడ మేలు జరిగింది ఎవరో చెప్పిన కథ విన్నందుకు కాదు, తమ కథను తామే కూర్చుని రాసుకున్నందుకు. రెండు గంటల ప్రసంగానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే తెల్లకాగితం ఖరీదెంత?

పరీక్షలకు మరింత దగ్గరగా ఉన్న ప్రయోగం 1999లో వచ్చింది. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ మిడ్‌టర్మ్ పరీక్షకు తయారవుతున్న కాలేజీ విద్యార్థులను తీసుకున్నారు. కొందరిని మంచి గ్రేడు వచ్చినట్టు, ఆ సంతోషాన్ని అనుభవిస్తున్నట్టు రోజూ కాసేపు ఊహించుకోమన్నారు. మరికొందరిని ఎక్కడ కూర్చుంటారు, ఏ అధ్యాయం తీస్తారు, టీవీ ఎప్పుడు కట్టేస్తారు, ఇలా చదివే పనినే ఊహించుకోమన్నారు. పరీక్ష రాశాక చూస్తే రెండో రకం వాళ్లు ఎక్కువ చదివారు, మంచి మార్కులు తెచ్చుకున్నారు. ఫలితాన్ని మాత్రమే కళ్లముందు నిలుపుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. పనిని ఊహించుకోవడం వల్ల ప్రణాళిక కుదిరింది, టెన్షన్ తగ్గింది, మార్కుల్లో తేడాకు ఆ రెండూ తోడ్పడ్డాయని పరిశోధకులు వివరించారు.

హేథర్ కాపెస్, గాబ్రియేల్ ఓటింగెన్ 2011లో ఇంకో మాట కలిపారు. అంతా అనుకున్నట్టు జరిగిపోయినట్టు కమ్మగా ఊహించుకున్నప్పుడు శరీరంలో పనికి సిద్ధమయ్యే చురుకు తగ్గుతోందని, రక్తపోటు కొలతల్లోనూ అది కనబడిందని వాళ్లు చూపారు. గెలిచేసినట్టు అనిపించాక ఇక పరుగెత్తాల్సిన అవసరం ఏముందని ఒళ్లు అనుకుంటుంది కాబోలు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి ర్యాంకు పేరు చెప్పుకోమనే సలహాకు ఈ రెండు పరిశోధనలూ మద్దతివ్వవు.

ఒక్క పాటలో గడిచిపోయే పదేళ్లు

హీరో ఒక్క పాటలో కోటీశ్వరుడైపోతాడన్నది తెలుగు సినిమా మీద పాత జోకే. మొదటి చరణంలో మూటలు మోస్తాడు, రెండో చరణంలో లారీ కొంటాడు, పల్లవి తిరిగొచ్చేసరికి సూటు వేసుకుని కారు దిగుతాడు. సైన్స్ ఫిక్షన్‌లోనూ శిక్షణ ఇలాగే నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. సినిమాకు వేరే దారి లేదు, పదేళ్ల సాధనను పదేళ్లు చూపించలేరు కదా. చిక్కు చూసేవాడికి. మధ్యభాగం పొట్టిదన్న లెక్క తెలియకుండానే బుర్రలో పడుతుంది. తన మధ్యభాగం నాలుగో వీకెండ్ టెస్టుకు కూడా ముగియకపోతే, తాను హీరో కోవలోకి రాడేమోనని డీలా పడతాడు.

నిజానికి ఆ కథలు తీసినవాళ్లే ఈ సంగతి చెప్పారు. 1980లో వచ్చిన 'స్టార్ వార్స్' రెండో సినిమాలో హీరో ల్యూక్, గురువు వద్దంటున్నా శిక్షణ మధ్యలో వదిలేసి స్నేహితులను కాపాడటానికి పరుగెడతాడు. ఉద్దేశం మంచిదే. కానీ చెయ్యి పోగొట్టుకుంటాడు, స్నేహితుల్లో ఒకణ్ని శత్రువులు పట్టుకుపోతారు, చివరికి అతన్నే మిగిలినవాళ్లు కాపాడాల్సి వస్తుంది. అన్ని విడతల్లోకీ ఎక్కువమంది గొప్పదిగా చెప్పుకునే సినిమా హీరో ఓడిపోయిన సినిమానే.

ఈ మధ్యభాగాన్ని దగ్గరగా చూపిన కథ 'ది మార్షియన్'. ఆండీ వేర్ అనే ప్రోగ్రామర్ తన సొంత సైటులో విడతలుగా రాసుకున్నది, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకంగా, 2015లో సినిమాగా వచ్చింది. అందులో మార్క్ వాట్నీ వృక్షశాస్త్రం, మెకానికల్ ఇంజినీరింగ్ తెలిసినవాడు. తుఫానులో చనిపోయాడనుకుని సహచరులు అంగారకుడి మీద వదిలి వెళ్లిపోతారు. ఉన్న తిండి ఎన్నాళ్లొస్తుందో లెక్కేస్తే చాలదు. బంగాళాదుంపలు నాటాలి. దానికి మట్టి తడవాలి, తడపడానికి నీళ్లు లేవు. రాకెట్ ఇంధనమైన హైడ్రజీన్‌లోంచి హైడ్రోజన్ తీసి, దాన్ని మండించి నీళ్లు చేసుకోవాలి. సినిమాలో తొలి ప్రయత్నం పేలిపోతుంది, వాట్నీ ఎగిరి పడతాడు. లేచాక తనను తాను తిట్టుకుంటూ కూర్చోడు, నాలో ఒక శక్తి ఉందనీ అనుకోడు. లెక్కలో ఏది వదిలేశానా అని వెతుకుతాడు. తాను బయటికి వదిలే ఊపిరిలో కూడా ఆక్సిజన్ ఉంటుందన్నది కలపలేదని తేలుతుంది. సరిచేసి మళ్లీ వెలిగిస్తాడు.

దీన్ని కృష్ణా, గుంటూరు రెసిడెన్షియల్ కాలేజీల్లో ఒక టెస్టు కాగితం పక్కన పెట్టి చూడొచ్చు. మార్కుల లిస్టు నోటీసు బోర్డులో పెట్టగానే పిల్లలు మొదట చూసేది తమ ర్యాంకు, తర్వాత పక్కవాడి ర్యాంకు, ఆ తర్వాత సెక్షన్ మారుతుందా లేదా అన్నది. కీ దగ్గర పెట్టుకుని తప్పులను విడదీసేవాళ్లు తక్కువ. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అంటే వదిలేసిన ప్రశ్నకూ తప్పు పెట్టిన ప్రశ్నకూ తేడా ఉంది. పాఠమే అర్థంకాక పోయిన మార్కు, పాఠం వచ్చినా మైనస్ గుర్తు మర్చిపోయి పోయిన మార్కు, టైం చాలక చివరి నాలుగు ప్రశ్నలు ముట్టుకోకపోవడం వల్ల పోయిన మార్కు, ఈ మూడింటికీ మందు వేరు. మొదటిదానికి లెక్చరర్ దగ్గరికెళ్లి డౌటు అడగాలి. రెండోదానికి రఫ్ వర్క్ రాసే పద్ధతి మారాలి. మూడోదానికి పేపర్ అటెంప్ట్ చేసే వరస మారాలి. మొత్తం మార్కు ఒక్కటే చూస్తే మూడూ కలిసి 'నాకు ఫిజిక్స్ రాదు' అన్న ఒకే ముద్దగా మిగులుతాయి.

జోస్యాన్ని ముందే నాటి ఉంచారు

'ఎంపికైనవాడు' అన్న ఆలోచన మీద గట్టి దెబ్బ వేసింది కూడా సైన్స్ ఫిక్షనే. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రచురించిన 'డ్యూన్'లో పాల్ అట్రైడీస్ ఎడారి గ్రహానికి చేరేసరికే అక్కడి జనం ఒక రక్షకుడి కోసం ఎదురుచూస్తుంటారు. ఆ జోస్యం దేవుడిచ్చింది కాదు. బెనె జెస్సెరిట్ అనే కూటమి, ఎప్పుడైనా తమవాళ్లకు అవసరం పడొచ్చని, ఆ కథలను గ్రహాల మీద తరాల ముందే నాటి ఉంచింది. పాల్‌లో ప్రతిభ లేదని కాదు. అతని ప్రతిభకు దైవత్వం అంటించే ఏర్పాటు మాత్రం ముందే జరిగింది. 1969లో వచ్చిన రెండో పుస్తకంలో ఆ రక్షకుడి పేరున జరిగిన యుద్ధాల్లో 6,100 కోట్ల మంది చచ్చిపోయినట్టు పాల్ నోటితోనే చెప్పించాడు రచయిత. ఆకర్షణ ఉన్న నాయకుడి వెనక కళ్లు మూసుకుని నడవొద్దన్నదే తన ఉద్దేశమని హెర్బర్ట్ తర్వాత చాలాసార్లు వివరించాడు. అయినా మోటివేషన్ రీళ్లలో పాల్ ఇసుకపురుగు మీద నిలబడిన దృశ్యమే తిరుగుతూ ఉంటుంది.

ఫ్లెక్సీల పద్ధతికీ ఆ జోస్యానికీ పోలిక దగ్గర్లోనే ఉంది. వేలమంది చేరతారు. వాళ్లలో ఎవరో కొందరికి మంచి ర్యాంకు వస్తుంది. ఎవరికి వచ్చిందో తెలిశాక ఆ ఫొటోలు మాత్రమే రోడ్డెక్కుతాయి. చూసేవాళ్లకు 'ఇక్కడ చేరితే వస్తుంది' అన్న కథ కనిపిస్తుంది, రానివాళ్ల ఫొటోలు ఎక్కడా ఉండవు కాబట్టి ఆ కథను సరిచూసుకునే దారి లేదు. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైనే. అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు దాదాపు 1.8 లక్షలు, అర్హత సాధించినవాళ్లు 48,248 మంది. అన్ని ఐఐటీల్లో కలిపి ఆ ఏడాది సీట్లు 17,740. ప్రతి ఒక్కరికీ 'నువ్వే ఆ ఒక్కడివి' అని చెబితే ఆ మాట చాలా ఎక్కువమంది విషయంలో అబద్ధమవుతుందని చెప్పడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన విద్యార్థి నుంచి, ఎంపిక అయ్యాకే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అతను ఆ సంస్థలో చదివిన కోర్సు ఏమిటో, ఎంతకాలం చదివాడో ఫొటోతో పాటు చెప్పాలి. నెలరోజుల టెస్ట్ సిరీస్ రాసినవాడూ, రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివినవాడూ ఒకే వరసలో మెరిసే పద్ధతికి ఇది అడ్డుకట్ట. అమలు సంగతి రోడ్డు మీద ఫ్లెక్సీలు చదివితే తెలుస్తుంది.

'కల్కి'లో హీరో భైరవకు తాను ఎంపికైనవాడినన్న ఊహే మొదట్లో ఉండదు. కాశీ మట్టిలోంచి తప్పించుకుని కాంప్లెక్స్ అనే ఉన్నోళ్ల నగరంలోకి వెళ్లడానికి యూనిట్లు, అంటే అక్కడి డబ్బు, కూడబెట్టడమే అతని ధ్యాస. లోపలికెళ్తే సెటిల్ అయిపోయినట్టే అనుకుంటాడు, లోపల ఏముందో పట్టించుకోడు. సీటొస్తే చాలు, బ్రాంచి ఏదైనా ఫర్వాలేదనే ధోరణికి ఇంతకన్నా దగ్గరి పాత్ర దొరకడం కష్టం.

బుడమేరు రోజుల్లో హీరో ఎవరు

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు విజయవాడలో జరిగింది సైన్స్ ఫిక్షన్ కాదు. కానీ ఒక సమస్య తర్వాత ఇంకో సమస్యను విప్పుకుంటూ పోవడం ఎలా ఉంటుందో చూడటానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. బుడమేరు కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. పైనుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను గుద్దడంతో, వాటిని ఎత్తడానికి దించడానికి తోడ్పడే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి.

తర్వాత జరిగిన పనిని వరసగా చూడాలి. గండ్లు పూడ్చకపోతే కాలనీల్లో నీళ్లు తగ్గవు, కాబట్టి ముందు గండ్లు. వాన ఆగకుండానే రెండు పూడ్చారు, మూడోదానికి ఆర్మీ ఇంజినీర్లు వచ్చి ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి అడ్డం వేశారు. ఈలోపు మేడల మీద ఉన్నవాళ్లకు తిండి చేరాలి. బోట్లు వెళ్లలేని సందుల్లోకి డ్రోన్లు వెళ్లాయి. నీళ్లు తీశాక ఇళ్లలో బురద, దాన్ని కడగడానికి ఫైరింజన్లు. బ్యారేజీ దగ్గర ఇరుక్కున్న బోట్లది మరో కథ. క్రేన్లతో లేపబోతే కదల్లేదు. డైవర్లు దిగి కోయాలని చూశారు. ఒకదాని తర్వాత ఒకటి పద్ధతులు మార్చి, రోజుల తరబడి తంటాలు పడ్డాక గానీ బయటికి రాలేదు.

ఈ మొత్తంలో ఫ్లెక్సీ మీద పెట్టదగ్గ ఒక్క ముఖం ఎవరిది? అలాంటిది లేదు. హీరో కథలకున్న పెద్ద లోపం ఇదే: కెమెరా ఒక్కడి భుజం మీద కూర్చుంటుంది, మిగిలినవాళ్లు నేపథ్యంలోకి పోతారు. రచయిత్రి అర్సులా లె గ్విన్ 1986లో రాసిన వ్యాసంలో ఈ మాటే ఇంకోలా అంది. మనిషి తొలి పనిముట్టు బల్లెం కాదని, ఏరుకున్న గింజలు దాచుకునే సంచి అయి ఉంటుందని, కథ కూడా సంచిలా ఉండొచ్చని ఆమె వాదన. 'ది మార్షియన్'లోనూ వాట్నీ ఒక్కడే తనను కాపాడుకోడు. భూమ్మీద ఇంజినీర్లు, చైనా అంతరిక్ష సంస్థ ఇచ్చిన రాకెట్, వెనక్కి తిరిగిన సహచరులు, అందరూ కలిస్తేనే అతను ఇంటికి చేరతాడు.

గుంటూరులో పుట్టినామె, మూసుకున్న తలుపు

పిలుపు, ప్రయాణం అన్న మూసకు సరిగ్గా ఇమడని నిజజీవిత ఉదాహరణ గుంటూరులోనే మొదలైంది. శిరీష బండ్ల అక్కడ పుట్టి అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగింది. నాసా వ్యోమగామి కావాలన్న కోరిక చూపు సమస్య దగ్గర ఆగిపోయింది. సినిమా అయితే ఆ చూపును ఏదో అద్భుతం సరిచేసేది. ఆమె పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివింది, ఎంబీఏ చేసింది, అంతరిక్ష రంగంలోనే ప్రభుత్వ వ్యవహారాలు చూసే ఉద్యోగానికి వెళ్లింది. 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఆ సంస్థ వ్యవస్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్‌తో పాటు అంతరిక్షపు అంచుకు వెళ్లొచ్చింది. వెళ్లింది చూసి రావడానికే కాదు, మొక్కల మీద ఒక ప్రయోగం ఆమె చేతిలో ఉంది.

అంతరిక్షం 80 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందా, 100 దగ్గరా అన్న వాదన అప్పుడు గట్టిగానే నడిచింది, ఆ నౌక రెండింటికీ మధ్య ఎత్తుకు చేరింది కాబట్టి. దాన్ని పక్కన పెడితే, ఈ కథలో పట్టుకోదగ్గది లక్ష్యాన్నీ దారినీ విడదీయడం. 'వ్యోమగామి ఉద్యోగం' అన్న దారి మూసుకుంది, 'అంతరిక్ష రంగం' అన్న లక్ష్యం మూసుకోలేదు. ఎంబీబీఎస్ సీటు రాక మూడోసారి లాంగ్ టర్మ్‌లో కూర్చున్న పిల్లలకు ఎవరైనా ఈ విడదీయడం నేర్పితే, ఇంకో ఏడాది పెట్టాలా వద్దా అన్న నిర్ణయం కాస్త స్పష్టంగా తీసుకోగలుగుతారు. వైద్యమే కావాలా, డాక్టర్ అన్న పేరు కావాలా అన్న ప్రశ్న మాత్రం ఇంట్లోవాళ్లు కూడా వేసుకోవాలి.

ఎక్కడ ఈ కథ వాడకూడదు

హీరో ప్రయాణానికి ఒక చెడు ప్రభావం ఉంది. కష్టమంతా పరీక్షే, పరీక్షంతా మంచికే అని అది నమ్మిస్తుంది. నిద్ర పట్టని పిల్లాడికి, వారాల తరబడి తిండి సయించని అమ్మాయికి 'ఇది నీ ప్రయాణంలో చీకటి గుహ, దాటేయ్' అంటే వాళ్ల బాధకు పేరు పెట్టినట్టవుతుంది గానీ చికిత్స అందదు. పైగా హీరోలు మూలుగుతూ కూర్చోరు కాబట్టి, చెప్పుకోవడం బలహీనత అనిపిస్తుంది. డిప్రెషన్ కథలో ఒక మెట్టు కాదు, వైద్యం ఉన్న జబ్బు.

వాట్నీ విషయంలో మరుగున పడే వివరం ఇక్కడ అవసరం. పంట మొలకెత్తాక అతను ఊరుకోలేదు. 1997లో అంగారకుడి మీద దిగి, తర్వాత మూగబోయిన నాసా నౌక పాత్‌ఫైండర్ ఎక్కడుందో లెక్కేసుకుని, రోవరేసుకుని వెళ్లి, ఇసుకలోంచి తవ్వి తెచ్చాడు. దాని కెమెరాతో భూమికి కబురు పంపాడు. కబురు అందాకే కాపాడే ప్రయత్నాలు ఊపందుకున్నాయి.

కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరులో టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవ మొదలుపెట్టింది. 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్లలో చాలాచోట్ల విద్యార్థుల దగ్గర ఫోన్లుండవు, ఇంటికి మాట్లాడాలన్నా వార్డెన్ ముందు నిలబడి మాట్లాడాలి. ఆ పిల్లలు ఎవరి చెవినా పడకుండా ఈ నంబరుకు ఎలా ఫోన్ చేస్తారన్నది యాజమాన్యాలు, ఇంటర్ బోర్డు తేల్చాల్సిన ప్రశ్న.